ల్యాబ్ ఫ్లోర్ మందం దగ్గర పొదుపు చేయకండి

యూనివర్సిటీ సైన్స్ బిల్డింగ్ డిజైన్ మీటింగుల్లో ఎప్పుడూ ఇదే వరస. ఖర్చు తగ్గించాలనగానే అందరి కళ్లూ స్లాబ్ మీద పడతాయి. "లోడ్‌కి సరిపోతుంది కదా, ఇంకో రెండంగుళాలు ఎందుకు?" అంటారు. లోడ్‌కి సరిపోతుంది, నిజమే. కానీ సున్నితమైన పరికరాలుండే ల్యాబ్‌లో ఫ్లోర్ మందాన్ని చాలాసార్లు తేల్చేది కంపనం. స్ట్రక్చరల్ డిజైనర్‌గా ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది.

ఒక కొత్త బిల్డింగ్‌లో రెండో అంతస్తులో మైక్రోస్కోప్ పెట్టారు. స్క్రీన్ మీద కణం అంచు గీత గీసినట్టుంది. బయట కారిడార్‌లో ఎవరో నడిచి వెళ్లారు. ఒక్కో అడుగుకీ ఆ అంచు అలుక్కుపోయింది. అడుగుల చప్పుడు దూరమయ్యాక మళ్లీ తేటపడింది. అందుకే రాత్రి 11 దాటాకే ఫొటోలు తీసుకుంటున్నానని అక్కడి రీసెర్చ్ స్కాలర్ చెప్పింది. స్లాబ్‌లో ఒక్క పగులు లేదు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

మనం సెకనుకి దాదాపు 2 అడుగులు వేస్తాం. ఆ తాకిడి 2 హెర్ట్జ్ (సెకనుకి 2 సార్లు) దగ్గరే ఆగదు. 4, 6, 8 దగ్గర కూడా ఫ్లోర్‌ని తడుతుంది. ఫ్లోర్ సహజ పౌనఃపున్యం, అంటే ఒకసారి తట్టి వదిలేస్తే అది తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, వాటిలో ఒకదాని దగ్గరుంటే, ఊయలని సరిగ్గా అదను చూసి ఊపినట్టే. ఆఫీసుకి కంపన వేగం సెకనుకి 400 మైక్రోమీటర్ల దాకా ఫర్వాలేదు. ల్యాబులకి వాడే వీసీ (వైబ్రేషన్ క్రైటీరియా) ప్రమాణాల్లో వీసీ-ఎకి అది 50, ఇంకా కఠినమైన వీసీ-ఇకి 3 చిల్లర. అంత చిన్న కంపనం మన కాళ్లకి తెలియనే తెలియదు.

మళ్లీ కాలమ్స్ అడ్డం వద్దంటారు! అదే బీమ్, మీటరుకి అదే బరువు ఉంచి స్పాన్ (కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య దూరం) రెట్టింపు చేస్తే సహజ పౌనఃపున్యం నాలుగో వంతుకి పడిపోతుంది. పెద్ద స్పాన్ కావాలంటే బీమ్‌కి లోతు ఇవ్వాల్సిందే. 1965లో పూర్తయిన, కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ బిల్డింగ్ చూడండి. ఆర్కిటెక్ట్ లూయీ కాన్, ఇంజనీర్ ఆగస్ట్ కొమెండెంట్ కలిసి ల్యాబుల పైన మనిషి నిలబడి తిరిగేంత లోతున్న విరెండీల్ ట్రస్సులు (ఏటవాలు కడ్డీలు లేకుండా నిచ్చెనలా ఖాళీలుండే పెద్ద బీములు) పెట్టారు. పైపులూ డక్టులూ అన్నీ వాటి సందుల్లోనే. కింద కాలమ్ లేని ల్యాబ్. ఆ సెక్షన్ డ్రాయింగ్ ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అందుకే అడుగుతున్నా. కాలమ్ గ్రిడ్ (ఏ కాలమ్ ఎక్కడ వస్తుందన్న అమరిక) ఖరారు చేయకముందే ఏ గదిలో ఏ పరికరం వస్తుందో ప్రొఫెసర్ల దగ్గర రాయించుకుని మాకు పంపండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ని నేల మీద, చుట్టూ జాయింట్ వదిలిన విడి స్లాబ్ మీద పెట్టనివ్వండి. పైఅంతస్తులో కారిడార్‌నీ ల్యాబ్‌నీ ఒకే స్పాన్‌లో పడకుండా మధ్యలో ఒక కాలమ్ వరస వేసుకోనివ్వండి.