లైటుకి ఎర్త్ ఎందుకండి అని అడిగేవాళ్ళకి

మా పాలకొల్లు, నరసాపురం వైపు ట్యూబ్‌లైట్ పట్టీలో చోక్, అంటే ట్యూబుకి కావాల్సినట్టు కరెంటుని సరిచేసి ఇచ్చే డబ్బా, మార్చడాన్ని ఎవరూ పని కింద లెక్కెయ్యరు. స్విచ్ ఆపేసి, స్టూలెక్కి, పాత చోక్ ఊడబీకి, కొత్త ఎలక్ట్రానిక్ చోక్ వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తే అయిపోయింది. పట్టీలో, లీకైన కరెంటుని భూమిలోకి పంపే పచ్చ ఎర్త్ వైరు కనిపిస్తే మడిచి లోపలికి తోసేస్తారు. అదేంటని అడిగితే ఒకటే మాట: "ఆయ్, లైటుకి ఎర్త్ ఎందుకండి!" ఈ పని మీదే బతుకుతున్నవాణ్ణి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

ముందు ఆ స్విచ్ సంగతి మాట్లాడుకుందాం. మన పాత పెంకుటిళ్ళలో చెక్క బద్దీల మీద లాగిన వైరింగ్ ఇంకా చాలాచోట్ల ఉంది. రెండు వైర్లూ ఒకటే రంగు. స్విచ్‌లోకి కరెంటు తెచ్చే ఫేజు వెళ్ళిందో, తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వెళ్ళిందో ఆనాడు లాగినవాడికే తెలియాలి. న్యూట్రల్ వెళ్ళి ఉంటే స్విచ్ ఆపగానే లైటు ఆరిపోతుంది కానీ చోక్ దాకా 230 వోల్టులూ అలాగే నిలబడి ఉంటాయి. ఆరిపోయిన లైటు చూసి ధైర్యంగా చెయ్యి పెట్టేస్తాం. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు రాత్రిపూట మినుకుమినుకుమంటోందని కొందరు చెబుతుంటారు. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, ఆ ఇంట్లో స్విచ్‌లు న్యూట్రల్ మీద ఉన్నాయేమో అని ముందు అనుమానించాలి.

"అందుకే మెయిన్ ఆపేస్తామండి" అంటారు ఇంకొందరు. మంచిదే, కానీ చాలదు. మొన్న భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఫీడ్ షెడ్డుకి వెళ్ళాను. నేను వెళ్ళేసరికే ఒక కుర్రాడు అల్యూమినియం నిచ్చెన మీద ఉన్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, కింద సిమెంటు నేలంతా తడి. పట్టీ మూత తీసి నోట్లో స్క్రూలు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ముందు దిగు."

"మెయిన్ కిందకి లాగేశాను బాబాయ్ గారూ."

"సరే, టెస్టర్ పెట్టి చూపించు."

పెట్టాడు. పట్టీలోపల నీడగా ఉండబట్టి కనిపించింది, టెస్టర్‌లో ఎర్రగా చిన్న వెలుగు. కరెంటు పోయినప్పుడు చీకట్లో జనరేటర్ దాకా వెళ్ళడానికి లైటుండాలని ఆ షెడ్డులో ఇన్వర్టర్ పెట్టించారు. మెయిన్ ఆపితే ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోవడం కిందే లెక్కేసుకుని, బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు ఆ లైట్ల లైనులోకి పంపిస్తుంది. మన ఇళ్ళలో ఇప్పుడు ఇన్వర్టర్ లేనిది ఎక్కడ? ఇన్వర్టర్ అవుట్‌పుట్ కూడా ఆపి, దాని మీద నడిచే లైను విడిగా ఊడదీశాకే చెయ్యి పెట్టాలి.

టెస్టర్‌నీ గుడ్డిగా నమ్మడానికి లేదు. ముందు కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత పని చేసే చోట చూడాలి. మళ్ళీ ఆ సాకెట్‌లో పెట్టి టెస్టర్ పాడవలేదని తేల్చుకోవాలి. అంతకంటే మల్టీమీటర్ నయం.

ఇప్పుడు చోక్ సంగతి. పాత రాగి చోక్ అంటే ఇనప రేకుల మీద చుట్టిన తీగ, అంతే. ఎలక్ట్రానిక్ చోక్ వేరే జాతి. అది వచ్చిన ఏసీని డీసీగా మార్చి, మళ్ళీ సెకనుకి వేల సార్లు కొట్టుకునే కరెంటుగా చేసి ట్యూబుకి పంపిస్తుంది. మధ్యలో ఉండే కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ నిండి ఉంటుంది. కరెంటు తీసేసినా అది వెంటనే ఖాళీ అవ్వాలనేం లేదు. చవకరకం చోకుల్లో దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ కూడా పెట్టకపోవచ్చు. కొన్ని నిమిషాలు ఆగండి, చోక్ డబ్బా విప్పి లోపల వేలు పెట్టకండి. ట్యూబు వైపు వెళ్ళే వైర్ల మీద వందల వోల్టులు ఉండొచ్చు కాబట్టి లైటు వేసి ఉండగా హోల్డర్ సర్దే అలవాటు మానుకోవాలి. పాత పట్టీలో స్టార్టర్ ఉంటే దాన్ని, దాని వైర్లని, పాత కెపాసిటర్‌ని పూర్తిగా తీసేసి, చోక్ మీద అచ్చువేసిన బొమ్మ ప్రకారమే కలపాలి. 36 వాట్ల ఒక ట్యూబు చోక్‌కి రెండు ట్యూబులు తగిలించడం కుదరదు.

ఇక నా అసలు గొడవ ఎర్త్ గురించి. ఎలక్ట్రానిక్ చోక్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీలోకి వస్తూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది అటు పోతుంది. లేకపోతే ఇనప పట్టీని ముట్టుకున్నప్పుడు వేళ్ళు జివ్వుమంటాయి. ఆ జివ్వుమనడం వల్ల చావకపోవచ్చు, కానీ స్టూలు మీద నుంచి పడతాం. చోక్ లోపల ఇన్సులేషన్ పోతే మాత్రం పట్టీ మొత్తం ఫేజు అవుతుంది. అప్పుడు ఆ పచ్చ వైరే ఫ్యూజ్ కొట్టించి మనల్ని బతికించాలి. దాన్నేమో మనం మడిచి లోపలికి తోసేశాం.

ఎర్త్ ఉన్న ఇళ్ళలో కూడా అది పేరుకే ఉంటోంది. మన డెల్టాలో కొద్దిలోతునే నీళ్ళు, తడి నేల, ఎర్త్‌కి నిజానికి భాగ్యం. కానీ మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పు గాలి, ఉప్పు నీరు ఇనుముని బతకనివ్వవు. ఎర్త్ పైపు పాతిన గొయ్యి మీద మూత తీసి చూస్తే పైపు దగ్గర క్లాంపు తుప్పు పట్టి పెళ్ళలుగా రాలుతుంది, వైరు పట్టుకుంటే చేతికి ఊడొస్తుంది. పైన మాత్రం పచ్చ వైరు ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది. గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడల్లో గ్రానైట్‌కీ ఫాల్స్ సీలింగ్‌కీ లక్షలు పోస్తారు. ఆ గొయ్యి తవ్వించి కొత్త పైపు వెయ్యమంటే "తర్వాత చూద్దామండి" అంటారు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి లైను ఆపేసే స్విచ్, పెట్టించండి. అది ఎర్త్‌కి బదులు కాదు, రెండూ కావాలి. మెయిన్ దగ్గర పెట్టింది ఇన్వర్టర్ లైనుని కాపాడకపోవచ్చు, అది విడిగా చూడాలి. కల్యాణ మండపాల్లో ఇంకో తద్దినం ఉంది. ఒక్కో చోక్ నుంచి అర మిల్లీ ఆంపియర్ లీకైనా, ముప్ఫై నలభై లైట్లు ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే అది పడిపోతూ ఉంటుంది. లీకు మొత్తం 15 మిల్లీ ఆంపియర్లు దాటాక ఎప్పుడైనా పడొచ్చు, దాని తయారీయే అంత. "పాడైపోయింది, తీసెయ్" అంటారు. తియ్యకూడదు. లైట్లని రెండు మూడు లైన్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో ఆర్‌సీసీబీ పెట్టాలి.

గోదావరి లంకల్లో వాళ్ళకి ఇంకో మాట. 2022 జూలై వరదలా గోడలు నానిపోతే, నీరు తీశాక వెంటనే మెయిన్ వెయ్యకండి. వైర్ల ఇన్సులేషన్ ఎలా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో వైరింగ్ చూపించండి. ఆ చూసేముందు ఎలక్ట్రానిక్ చోకులు, ఎల్ఈడీలు విడదీయమని చెప్పండి, లేకపోతే అవి కాలిపోతాయి.

చోకులే వద్దు, పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు వేసుకుంటాం అనేవాళ్ళూ ఇవన్నీ చూసుకోవాల్సిందే. రెండు చివర్లా కరెంటు ఇచ్చే రకం ట్యూబులో ఒక కొన హోల్డర్‌లో పెట్టి రెండో కొన పిన్నులు పట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. అది బిగించేటప్పుడు కరెంటు తీసెయ్యాలి.

మా కుర్రాళ్ళకి నేను పెట్టిన కట్టడి ఒకటుంది. ఇనప పట్టీకి ఎర్త్ లేకపోతే ముందు ఎర్త్ లాగాలి, ఆ తర్వాతే చోక్. ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే సామాన్లు సర్దుకుని వచ్చెయ్యాలి. "ఇంత చిన్న పనికి ఇంత పట్టుదలా?" అని ఇద్దరు ముగ్గురు మొహం మీదే అన్నారు, వేరేవాణ్ణి పిలిపించి చేయించుకున్నారు కూడా. అన్నా సరే, ఆ కట్టడి తీసెయ్యను.