కొంగలకు చింతచెట్టొక్కటే చాలదు

టెక్కలి పక్కన తేలినీలాపురంలో పక్షులు దిగగానే ఊరొదిలి దూరాన ఉంటున్న మన శ్రీకాకుళం వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ 'సైబీరియా అతిథులు వచ్చేశారు' అని మోగిపోతాయి. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ మన ఉపఖండం పక్షులే. అయినా ఫారిన్ సరుకంటేనే కదా మనకు ముద్దు!

ఫొటోలో నీచు వాసన రాదు. అవి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలకు చేపలు తెచ్చి పెడుతుంటే, నోరు జారిన చేప వాకిట్లో పడి కుళ్లుతుంది. రెట్టలతో ఆకులు, ఇంటికప్పులు తెల్లబడతాయి. పొద్దున్నే ఊడ్చుకునేది ఆ ఇంటి ఆడవాళ్లు. అయినా ఎవరూ తోలరు. పురిటికొచ్చిన ఆడపడుచును చూసుకున్నట్టు చూసుకుంటారు, అవి దిగితే పంట బాగుంటుందని నమ్ముతారు. ఇక్కడ మనం టికెట్టు కొని నేషనల్ పార్కు చూసొచ్చి ప్రకృతి ప్రేమికులమనుకుంటాం. రోజూ ఇబ్బంది పడుతూ కూడా చోటిచ్చిన ఆ ఊరికే ఆ పేరు దక్కాలని నా అభిప్రాయం.

అయితే గూడు ఈ ఊళ్లో ఉన్నా, మేత నౌపడా తంపరలో ఉంది. తంపర, బీల అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలలు. సర్కారు కాగితాల మీద మాత్రం బంజరు, పనికిరాని నేల. సోంపేట బీలనూ అలాగే రాసి థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోయారు. ఆ నీళ్లతో సాగుచేసుకునే రైతులు, చేపలు పట్టుకునేవాళ్లు అడ్డంపడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పీలు అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే! 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గరా కాల్పులే. కొంగ మేత, మనిషి కూడు ఒకే నీళ్లలో ఉన్నాయని ఆ రైతులకు ఎవరూ పాఠం చెప్పలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరితో పాటు చింతల్లాంటి పెద్ద చెట్లనూ కూల్చింది. మన సంఘం అప్పుడూ ఇప్పుడూ ఊళ్లకు డబ్బు పంపుతూనే ఉంది, ఎక్కువగా ముఖద్వారాలకు, చెరువుగట్టు సిమెంటుకు. గట్టుకు సిమెంటేస్తే అంచున గడ్డి మొలవదు, చేపపిల్లలు దాక్కునే చోటుండదు. ఆ డబ్బులో సగం చింతమొక్కలకూ, వాటికి కంచె వేసి నీళ్లు పోసే మనిషి జీతానికీ ఇద్దామంటాను. చింత గూడు మోసేంత ఎదగడానికి ఏళ్లు పడుతుంది, శిలాఫలకం పెట్టుకునే వీలూ ఉండదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ పద్దు నేనే ప్రతిపాదిస్తాను. వద్దనేవారు కారణం చెప్పాలి మరి.