రేపల్లె రైలుకట్ట గారికి

మహారాజశ్రీ రేపల్లె రైలుకట్ట గారి సముఖానికి, గుంటూరు నుంచి మీ పాత ప్రయాణికుడు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు 1916 నుంచీ అక్కడే ఉన్నారు కాబట్టి క్షేమమేనా అని అడగడం లేదు.

తెనాలిలో మెయిన్ లైనుని వదిలి చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన అంటూ ఊరూరా పలకరించుకుంటూ రేపల్లె దాకా వచ్చి చతికిలబడ్డారు. ఆ ముందంతా కృష్ణ. దాటితే దివిసీమ, ఆ పైన బందరు. కాళ్లు తడుస్తాయనా? మీకంటే ఎంతో చిన్నదైన రోడ్డు పెనుమూడి దగ్గర వంతెన ఎక్కి పులిగడ్డలో దిగిపోయింది. మీరు మాత్రం నూరేళ్లు దాటినా ఇవతల ఒడ్డునే. బందరు లైను మాట ఎన్నికలప్పుడు వస్తుంది, ఓట్ల లెక్కింపుతో పాటే వెళ్లిపోతుంది.

పేర్లకు మాత్రం కొదవ లేదు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ బిడ్డగా పుట్టి, 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే, 2003లో గుంటూరు డివిజన్. 2019లో దక్షిణ కోస్తా అన్నారు. ఏ కోడలికీ ఇన్నిసార్లు ఇంటిపేరు మారదు. 2022లో వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె బాపట్ల జిల్లాకి వెళ్లాయి. పట్టా అంగుళం జరగకుండా జిల్లా దాటిన ఘనత మీది.

కరోనా తర్వాత మీ ప్యాసింజర్లకూ ఎక్స్‌ప్రెస్ హోదా దక్కింది. పది రూపాయల కనీస టికెట్ ముప్పై అయింది. వేగం మాత్రం వినయంగా పాతదే. 2024లో మళ్లీ పదికి దిగారు, సంతోషం.

నాకు గుర్తున్నది అట్ట టికెట్. రెండు వేళ్ల వెడల్పు. తేదీ మిషన్లో పెట్టి లాగితే టక్‌మనేది, అంకె సగమే పడేది. రేపల్లెలో ఎక్కిన చేపల బుట్టలోంచి నీళ్లు కారి, సీట్ల కిందుగా పాకి, భట్టిప్రోలు వచ్చేసరికి నా చెప్పులు తడిపేవి. ఆ బోగీలో కాస్త వేగంగా కదిలినవి ఆ నీళ్లే. రెండు వేల ఏళ్ల నాటి స్తూపమున్న ఊళ్లో ఆగి ఆగి, తొందరెందుకనే బుద్ధి మీకూ అబ్బిందేమో.

కృష్ణ దాటే రోజు ఒక కార్డు ముక్క రాయండి. అందాకా బుట్టకి దూరంగా ఒక సీటు చూసిపెట్టండి.

ఇట్లు,
చెప్పులు చేత్తో పట్టుకున్న ప్రయాణికుడు