ఎదురుకాళ్ళతో పుట్టినవాడి తర్వాతే ఫిజియోథెరపిస్టు

మా నల్లగొండ వైపు నడుము పట్టేస్తే వైద్యం రెండంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. ఆయన పట్టిన చోట కాలితో మూడుసార్లు తాకిస్తాడు. ఇష్టమైనవాళ్ళనైతే తాకిస్తాడు, పాత బాకీలున్నవాళ్ళనైతే తంతాడు. తగ్గితే అక్కడితో సరి. తగ్గకపోతే రెండో అంచె, అంటే నేను.

నేను ఫిజియోథెరపీ చదివాను. నాలుగేళ్ళ కోర్సు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆ పెద్దమనిషి మొత్తం చదువు తొమ్మిది నెలల్లో ముగించాడు, అదీ తల్లి కడుపులో ఉండగానే. ప్రాక్టికల్సు పుట్టిన రోజే అయిపోయాయి. ఆయనకు బోర్డు లేదు, ఫీజు లేదు. నాకు బోర్డుంది కానీ దాని మీద పేరుకు ముందు 'డాక్టర్' అని ఉండొచ్చా అన్నది ఢిల్లీలో తేలాల్సిన సంగతి. 2025 సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవమని కేకు కోసుకున్నాం. మర్నాడే ఆ మాట వాడొద్దని ఢిల్లీ నుంచి లేఖ. ఆ మర్నాడు ఆ లేఖ వెనక్కి. బోర్డు మీద నేను అంటించిన తెల్లకాగితం ఇరవై నాలుగు గంటలు కూడా నిలవలేదు. ఎదురుకాళ్ళ పెద్దమనిషికి ఈ టెన్షన్ లేదు. ఆయన కాళ్ళ మీద ఇంతవరకు ఏ సర్క్యులరూ రాలేదు.

అయినా జనం నన్ను డాక్టరనే అంటారు. కాకపోతే ముందు 'కరెంటు' చేరుస్తారు. మోకాళ్ళలో గుజ్జు అరిగిందని వచ్చినవాళ్ళకు నేను తొడ కండరాల గురించి చెబుతాను. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపండి, పది లెక్కపెట్టండి, ఇలా రోజూ చేస్తే కండకు బలమొచ్చి కీలు మీద భారం తగ్గుతుంది అంటాను. వాళ్ళు ఓపిగ్గా విని, "అది ఇంటికాడ జేస్త గని, ముందుగాల కరెంటు వెట్టు సారూ" అంటారు. పెడతాను. మిషన్‌కు ఎర్రలైటు వెలుగుతుంది, చర్మం చిమచిమలాడుతుంది, వైద్యం జరిగినట్టుంటుంది. లైటు వెలగని వైద్యానికి డబ్బులిచ్చే అలవాటు మనకు లేదు. కరెంటు పోయిన రోజు నేను క్లినిక్‌లో ఉన్నా లేనట్టే లెక్క.

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. కింద గది అద్దె ఎక్కువ. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇరవై రెండు మెట్లెక్కి పైకి వస్తే, మెట్లెక్కొద్దని చెప్పి కిందికి పంపిస్తాను.

ఇక బలం. ఒకసారి ఒక గీత కార్మికుడు భుజం నొప్పితో వచ్చాడు. మోకు, ముత్తాదు వేసుకుని పొద్దున్నే తాళ్ళెక్కే మనిషి. నేను సిలిండరు వంటింట్లోకి దొర్లించుకుంటూ వెళ్ళే మనిషిని. మా ఇద్దరిలో నేను ఆయనకు బలం నేర్పాలి. శాస్త్రం చెప్పినట్టే బాగా తేలికైన పసుపు రంగు రబ్బరు పట్టీ ఇచ్చి పదిసార్లు లాగమన్నాను. మొదటిసారికే తెగింది. రెండు ముక్కలూ నా చేతిలో పెట్టి, "పిల్లలదా సార్?" అన్నాడు. కేసు షీట్‌లో 'రోగి సహకరించుట లేదు' అని రాసుకున్నాను.

శరీర నిర్మాణ శాస్త్రాన్నయినా గౌరవిద్దామంటే మా జిల్లా దాన్నీ కుదురుగా ఉండనివ్వదు. ఎదిగిన మనిషి ఒంట్లో ఎముకలు 206 అని పుస్తకం. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చే కొందరు ముసలివాళ్ళ ఎక్స్‌రేలు చూస్తే ఆ లెక్క ఎక్కడో తప్పిందనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగితే లిగమెంట్లలో కూడా కాల్షియం పేరుకుని అవీ ఎముకల్లా గట్టిపడతాయి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. అలాంటి తాతను, పరీక్ష అలా మొదలుపెట్టాలి కనుక, వంగి కాలివేళ్ళు అందుకోమన్నాను. ఆయన నావైపు చూడ్డానికే మెడ కాదు, మనిషంతా తిరిగాడు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ పరిశోధన సంస్థవాళ్ళు తయారుచేసి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ టెక్నిక్ టాంజానియా దాకా వెళ్ళింది. తాత నా మెట్ల దాకా వచ్చాడు.

పేర్లంటే గుర్తొచ్చింది. మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైన కండరం సార్టోరియస్. లాటిన్‌లో దర్జీ అనే మాట నుంచి వచ్చిన పేరది, దర్జీలు కాలు మీద కాలు మడిచి కూర్చుంటారని. పేర్లు పెట్టినవాళ్ళు మా నేత ఊళ్ళు పోచంపల్లి, పుట్టపాక చూసుంటే భుజంలో ఒక కండరానికైనా ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే ఆడవాళ్ళ పేరు దక్కేది. ఒక్క చీరకు నూలు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. మా శాస్త్రం చూస్తే భుజానికి ఏ కసరత్తయినా పదిసార్లు చాలంటుంది.

ఇక్కడే మా వృత్తికి ఒక ఘోరమైన అన్యాయం జరిగింది. అప్పటి మా జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అని ఒకాయన, ఆరో తరగతితో బడి మానేసినవాడు, వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు పోసే యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే, లక్ష్మీ ఆసు యంత్రమని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. భుజానికి కరెంటు పెట్టాలి గానీ పనికి కరెంటు పెడతారా ఎవరైనా? నొప్పిని పదిహేను సిట్టింగుల్లో మెల్లగా తగ్గించుకోవాల్సింది పోయి, వచ్చే దారే మూసేస్తే మాలాంటివాళ్ళం బతికేదెట్లా? ఆ యంత్రం వచ్చిన ఇంటి నుంచి భుజం నొప్పని ఎవరూ నా మెట్లెక్కరు. దీని మీద మా వృత్తి సంఘాలు ఇంతవరకు నిరసన తెలపకపోవడం విచారకరం.

నేను మాత్రం పద్ధతి తప్పను. వచ్చిన ప్రతివాళ్ళకూ అచ్చు వేయించిన జాగ్రత్తల కాగితం ఇస్తాను. వంగరాదు. నేల మీద కూర్చోరాదు. బరువులెత్తరాదు. మిర్యాలగూడ దగ్గర నుంచి నాట్లేసే ఒకమ్మ వచ్చి, ఆ కాగితం వాళ్ళ పిల్లతో చదివించుకుంది.

"వంగకుంటే నాటెట్లేస్తరు సారూ?"

"కొన్నాళ్ళు కూర్చుని చేసే పని చూసుకోమ్మా."

"కూసోవద్దని గూడ రాసిండ్రు గద."

ఏ పనీ చేయకుండా నిలబడి ఉండటమే ఆ కాగితం మొత్తానికి అర్థమని నాకూ అప్పుడే తెలిసింది. పది రోజులు కరెంటు పెట్టాను, నొప్పి తగ్గింది, నాట్లకు పోయింది. రోగిని తిరిగి పనిలోకి పంపడమే మా వృత్తి లక్ష్యం కనుక రిజిస్టర్‌లో 'సక్సెస్' అని రాశాను. నాట్లు అయిపోగానే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పది రోజులు, మళ్ళీ సక్సెస్. ఒకే నడుము మీద నాలుగు సక్సెస్‌లున్నాయి నాకు.

మొన్న ఎదురుకాళ్ళ పెద్దమనిషే మెట్లెక్కి వచ్చాడు. కుడి మోకాలు వాచింది. ఇన్నేళ్ళుగా జిల్లా నడుములన్నీ మోసిన కాలు. వృత్తి గౌరవం కొద్దీ ఫీజు వద్దన్నాను. తొడ కండ బలం, కుర్చీ, పది లెక్కపెట్టడం, అన్నీ వివరంగా చెప్పాను. విన్నాడు. కరెంటు పెట్టించుకున్నాడు. పదిహేను నిమిషాలయ్యాక లేచి నాలుగడుగులు కుంటి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మీరెట్ల పుట్టిండ్రు సారూ?"

"అందరిలాగే. తలతోనే."

"గందుకే" అని చెప్పులేసుకుని, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.