వరి సీమలో గోధుమ గండం

గోధుమ పడనివారు దక్షిణాదికి ప్రయాణమైతే తిండికి బెంగపడనక్కర్లేదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు, రాత్రికి దోశ అయినప్పుడు గోధుమకు చోటెక్కడిదన్నది వారి లెక్క. సీలియాక్ వ్యాధి ఉన్నవారి విషయంలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఒక ప్రాంతం ఏ ధాన్యం తింటుందన్న దానికంటే, అక్కడ వండి వడ్డించేవారికి ఈ జబ్బు సంగతి ఎంత తెలుసన్నదే ప్రయాణికుడికి ముఖ్యం. ఆ కొలతతో చూస్తే మన తెలుగు రాష్ట్రాల హోటళ్లకు వేసే మార్కులు తక్కువే.

సీలియాక్‌ను అజీర్తితోనో, మామూలు అలర్జీతోనో కలిపి చూడకూడదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి వెళ్లినప్పుడు, శరీర రక్షణ వ్యవస్థ తన సొంత చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసే జబ్బు ఇది. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే ఇందుకు చికిత్స. తేడా చేస్తే కొందరికి గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మరికొందరికి పైకేమీ కనిపించకుండానే పేగు దెబ్బతిని, రక్తహీనతో ఎముకల బలహీనతో బయటపడే దాకా తెలియదు. కాబట్టి ‘నిన్న అక్కడే తిన్నాను, ఏమీ కాలేదు’ అన్న ధైర్యం దేనికీ రుజువు కాదు. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేకపోతేనే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసుకోవచ్చని మన ఆహార భద్రత ప్రాధికార సంస్థ నిబంధన. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంస్థ చెప్పేదీ అదే. అంత చిన్న మోతాదు దగ్గర, చేతికి అంటిన గోధుమ పిండి కూడా లెక్కలోకి వస్తుంది.

దేశంలో మూడు ప్రాంతాలను పోలుస్తూ 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రతి వెయ్యి మందిలో సీలియాక్ ఉన్నవారు ఉత్తరాదిన ఎనిమిదిన్నర మంది దాకా ఉంటే, ఈశాన్యంలో సుమారు ఐదుగురు, దక్షిణాదిన పదివేల మందికి సుమారు ఒక్కరే ఉన్నారు. జబ్బుకు దారితీసే జన్యువులు మూడు చోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. తేడా ఎక్కువగా తిండిలో కనిపించింది. రోజుకు సగటున ఉత్తరాదివారు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. మనకు ఇది అదృష్టమే. కానీ రోగులు అరుదుగా ఉన్నచోట జబ్బు పేరు విన్నవారూ అరుదుగానే ఉంటారు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లవాడికి సీలియాక్ ఉండి, సెలవులకు అమ్మమ్మగారి ఊరు వస్తే, దారిలో ఏ హోటల్లో అడిగినా వచ్చే జవాబు ఒకటే: ‘గోధుమ లేదండీ, అంతా బియ్యమే.’ అందులో అబద్ధమాడాలన్న ఉద్దేశం లేదు. అడిగిన ప్రశ్న సర్వర్‌కు అర్థం కాలేదు, అంతే.

ఇంగువ సంగతే చూడండి. ఘాటు మరీ ఎక్కువ కావడంతో అసలు ఇంగువ బంకను సాధారణంగా నేరుగా అమ్మరు. తుమ్మబంక, ఏదో ఒక పిండి కలిపి డబ్బాల్లో నింపుతారు. డబ్బా వెనక సన్నటి అక్షరాలను చదివితే, చాలా రకాల్లో ఆ పిండి మైదానో గోధుమపిండో అయి ఉంటుంది. సాంబారు, పప్పుచారు, పులిహోర, కారప్పొడి, అప్పడాలు ఇలా ఇంగువ తగిలిన ప్రతిదీ అనుమానించాల్సిందే. చిటికెడే కదా అనవచ్చు. ఆ చిటికెడు గంగాళమంత సాంబారులో కరిగితే ఒక్కో గిన్నెకు వచ్చేది ఎంతో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా బజారులో దొరుకుతుంది. వంట మాస్టర్‌కు ఆ తేడా తెలిసి ఉండాలన్నదే సమస్య.

ఇక టిఫిన్ సెంటర్ పెనం దగ్గర కాసేపు నిలబడితే మిగతాది తెలుస్తుంది. మైదా, బొంబాయి రవ్వ కలిపిన రవ్వ దోశ తీసిన చోటే నీళ్లు చిలకరించి, చీపురుతో ఒక్క తుడుపు తుడిచి పెసరట్టు పోస్తారు. అదే అట్లకాడ పక్కనున్న చపాతీనీ తిరగేస్తుంది. పెసరట్టులో ఉప్మా పెడితే అది ఎలాగూ గోధుమ రవ్వే. మిరపకాయ బజ్జీకి వాడేది శనగపిండే అయినా, మైదాతో చేసిన మైసూరు బజ్జీ వేగిన నూనెలోనే అదీ వేగుతుంది. జొన్నరొట్టె విరగకుండా ఉండేందుకు గోధుమపిండి కలిపే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో హలీం గోధుమతోనే తయారవుతుందని చాలామందికి తెలుసు గానీ, దమ్ బిర్యానీ గిన్నె మూతకు చుట్టే పిండి ముద్ద సంగతి తోచదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇటలీ. పిజ్జా, పాస్తా తినే ఆ దేశం సీలియాక్ రోగులకు నరకమని అనుకుంటాం. నిజానికి వారు ధీమాగా తిరగగలిగే దేశాల్లో అది ముందుంటుంది. 2005 నాటి 123వ నంబరు చట్టం ప్రకారం బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ క్యాంటీన్లలో అడిగినవారికి గ్లూటెన్ లేని భోజనం పెట్టాలి. అక్కడి సీలియాక్ సంఘం హోటళ్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, తన జాబితాలో చేర్చుకుంటుంది. గోధుమ ఎక్కువగా తినడం వల్లే ఆ సమాజం ఈ జబ్బును పట్టించుకోక తప్పలేదు.

మన దేశంలో ప్యాకెట్లపై గ్లూటెన్ ధాన్యాల పేరు రాయాలన్న నియమం ఉంది. పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు అలర్జీ కారకాల సమాచారం ఇవ్వాలన్న నిబంధన 2022 నుంచి అమలులోకి వచ్చింది. ప్రయాణికుడు తినేది మాత్రం ఎక్కువగా బస్టాండు పక్క హోటల్లోనూ, రైల్లోనూ. ఆ చిన్న హోటల్‌ను ప్రయోగశాల పరీక్షలు చేయించమనడం అన్యాయం. ఏ కూరలో ఏ పిండి, ఏ ఇంగువ వేశారో రాసిన కాగితం గోడకు అంటించమనడం భారమేమీ కాదు. రైల్వే పని ఇంకా సులువు. మధుమేహులకు, పసిపిల్లలకు తగిన ఆహారాన్ని మెనూలో చేర్చుకునే వెసులుబాటును రైల్వే బోర్డు 2022లోనే ఇచ్చింది. నవరాత్రుల్లో గోధుమ ముట్టని ఉపవాస భోజనాన్ని రైళ్లలో అందించిన అనుభవమూ ఉంది. విడి గిన్నెలు, విడి నూనె వాడాలన్న షరతు తోడైతే, ఆ భోజనాన్నే ఏడాది పొడవునా ముందస్తు బుకింగ్ మీద ఇవ్వవచ్చు.