లాభం అడగని పన్ను

2021 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లో పబ్బులకు తాళాలు వేసి ఉన్నాయి. కరోనా ఆంక్షల రోజులవి. ఆరుబయట బల్లలు వేసుకోవడానికి 12వ తేదీ దాకా, లోపల కూర్చోబెట్టడానికి మే 17 దాకా ఆగాల్సి వచ్చింది. సరిగ్గా ఆ ఏప్రిల్ 1నే ప్రామాణికంగా తీసుకుని వ్యాపార భవనాలకు విలువ కట్టారు. దాని మీదే 2023 నుంచి మూడేళ్లు పన్ను వసూలు చేశారు. 2026 ఏప్రిల్ నుంచి 2024 ఏప్రిల్ 1 నాటి లెక్క అమల్లోకి వచ్చింది. ఈలోగా తలుపులు తెరుచుకున్నాయి, జనం వచ్చారు, కాగితం మీద విలువలు లేచాయి. గల్లాపెట్టెలో మిగిలిందెంత అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

బిజినెస్ రేట్లు అనే ఈ పన్ను లెక్క పైకి తేలికగానే కనిపిస్తుంది. భవనానికి బయట మార్కెట్లో ఏడాదికి ఎంత అద్దె రావచ్చో ప్రభుత్వ విలువ నిర్ధారణ విభాగం అంచనా వేస్తుంది. దాన్ని పౌండుకు ఇన్ని పెన్నీలు అనే రేటుతో గుణిస్తే బిల్లు వచ్చేస్తుంది. బట్టల దుకాణానికైతే చదరపు మీటర్లు కొలుస్తారు. పబ్బు దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారిపోతుంది. ఓ మోస్తరు సమర్థుడైన యజమాని ఆ చోట ఏడాదికి ఎంత వ్యాపారం చేయగలడో ఊహించి, ఆ అమ్మకాల్లో కొంత శాతాన్ని అద్దె విలువగా తీసుకుంటారు.

మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. అమ్మకం వేరు, లాభం వేరు. సరుకు ధర పెరిగిందని గ్లాసు రేటు పెంచితే అమ్మకాల అంకె పెరుగుతుంది, యజమానికి మిగిలేది పెరగకపోవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఉద్యోగుల జీతాల మీద యాజమాన్యాలు కట్టే సామాజిక భద్రతా చందా, అంటే నేషనల్ ఇన్సూరెన్స్, 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకన్నా గట్టి దెబ్బ, అది మొదలయ్యే జీతం పరిమితిని ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కు దించడం. పార్ట్‌టైమ్ కుర్రాళ్లతో నడిచే పబ్బులకు ఇది నేరుగా తగిలింది. 21 ఏళ్లు దాటినవారి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. వేతనం పెరగడం న్యాయమే, దాని మీద మాకు పేచీ లేదు. కానీ ఈ ఖర్చులు ఎంత పెరిగినా అమ్మకాల మీద కట్టే లెక్క దానంతట అది తగ్గదు. పైగా, వెనక పెరట్లో కప్పు వేసి, నాలుగు బల్లలు పెంచి, వంటగదిని బాగుచేసుకున్న యజమానికి తర్వాతి మదింపులో విలువ పెరిగే ప్రమాదం ఉంటుంది. అదే బీరును సీసాల్లో అమ్మే సూపర్‌మార్కెట్‌కు ఈ బెంగ లేదు. అక్కడ లెక్క నేల వైశాల్యానికే.

ఇన్నాళ్లూ ఈ లోపాన్ని రాయితీలు కప్పిపెట్టాయి. 2020-21లో పన్ను పూర్తిగా మాఫీ చేశారు. తర్వాతి ఏళ్లలో దాన్ని మారుస్తూ వచ్చి 2023-24, 2024-25లలో 75 శాతం, 2025-26లో 40 శాతం రాయితీ ఇచ్చారు. 2026 మార్చి 31తో అదీ పోయింది. ప్రతి బడ్జెట్ ముందూ ఉంటుందా పోతుందా అని టెన్షన్ పడే రాయితీ తుమ్మితే ఊడే ముక్కు లాంటిది. దాన్ని నమ్ముకుని అప్పు తేగలరా, మనిషిని పెట్టుకోగలరా?

అద్దె విలువ 30,000 పౌండ్లు ఉన్న పబ్బునే తీసుకుందాం. 2024-25లో దాని బిల్లు దాదాపు 3,740 పౌండ్లు. మరుసటి ఏడాది 8,982. 2026 ఏప్రిల్ నుంచి ఆతిథ్య, రిటైల్ రంగాల చిన్న భవనాలకు రేటును 49.9 పెన్నీల నుంచి 38.2కు తగ్గించారు. అయినా 40 శాతం రాయితీ పోవడంతో బిల్లు 11,460కి చేరుతుంది. పెంపుకు పరిమితి పెట్టే తాత్కాలిక ఏర్పాట్లు ఈ లెక్కలో లేవు, నిజమే. కానీ అద్దె విలువ ఒక్క పౌండు కూడా పెరగలేదనుకుని వేసిన లెక్క ఇది. పెరిగినవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఈ తగ్గించిన రేట్లను ప్రకటించి మెప్పు వస్తుందనుకున్నారు. కొన్ని వారాల్లోనే కొందరు పబ్బు యజమానులు లేబర్ ఎంపీలకు ప్రవేశం లేదని తలుపులకు స్టిక్కర్లు అతికించారు. జనవరిలో ప్రభుత్వం దిగొచ్చి పబ్బులకూ లైవ్ మ్యూజిక్ వేదికలకూ బిల్లులో 15 శాతం తగ్గింపు ఇచ్చింది. మన ఉదాహరణలోని పబ్బుకు దీంతో బిల్లు 9,741 అవుతుంది. అంటే తగ్గింపు తర్వాత కూడా కిందటేడాది కన్నా 759 పౌండ్లు ఎక్కువే. పక్క వీధిలోని కేఫ్‌కు, రెస్టారెంట్‌కు, చిన్న హోటల్‌కు ఆ 15 శాతం కూడా లేదు. జీతాలు, కరెంటు బిల్లు వాళ్లకు మాత్రం తక్కువా? గట్టిగా అరిచినవాళ్లకే ఊరట దొరికిందన్న అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

రాయితీలు కోరేవాళ్లు సాధారణంగా దాటవేసే మాట ఒకటుంది. చాలామంది పబ్బు నిర్వాహకులు కౌలుదార్లే. భవనం పెద్ద కంపెనీదో బీరు తయారుచేసే బ్రూవరీదో అయి ఉంటుంది. పన్ను తగ్గితే కొన్నాళ్లకు అద్దె పెరిగి ఆ లాభం భవనం యజమాని జేబులోకి చేరుతుందని ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. బీరు తమ దగ్గరే కొనాలనే సరఫరా ఒప్పందాలతో 500, అంతకు మించి పబ్బులను కౌలుకిచ్చే కంపెనీలకు, కౌలుదార్లతో న్యాయంగా నడుచుకోవాలని చెప్పే పబ్స్ కోడ్ అనే నిబంధనావళి 2016 నుంచి ఉంది. తగ్గింపు అద్దెలోకి జారిపోకుండా చూసే బాధ్యత కూడా అందులో స్పష్టంగా చేర్చాలి.

స్థానిక కౌన్సిళ్లకు ఈ పన్ను ప్రాణాధారం. దాన్ని ఎత్తేయమని మేం అనడం లేదు. 2000లో బ్రిటన్‌లో 60 వేలకు పైగా ఉన్న పబ్బులు ఇప్పుడు దాదాపు 45 వేలు. ఇందులో పన్ను పాత్ర కొంతే, జనం తాగే అలవాట్లు మారడమూ, ఇంటికే తెచ్చుకోవడమూ పెద్ద కారణాలే. మూతపడిన పబ్బు ఫ్లాట్లుగా మారిందంటే దాని నుంచి బిజినెస్ రేట్లు రావన్నది మాత్రం కౌన్సిళ్లు గుర్తుంచుకోవాలి.

పబ్బులకూ హోటళ్లకూ విలువ కట్టే పద్ధతిని సమీక్షిస్తామని ప్రభుత్వం 2026 జనవరిలో మాటిచ్చింది. తదుపరి మదింపు 2029లో. ఖర్చులు పోను మిగిలేదాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతిని అంతకు చాలా ముందే ప్రకటించాలి. ఆ సమీక్ష బల్ల దగ్గర విలువ నిర్ధారణ అధికారులు, పెద్ద కంపెనీల లాయర్లతో పాటు, రాత్రి పదకొండుకు గ్లాసులు కడిగి గల్లా లెక్క చూసుకునే కౌలుదారుకూ ఒక కుర్చీ వేయాలి.