మైకు తగ్గిస్తే బేరం పోతుంది

నోటితో బేరం చేసే రోజులు పోయాయి. కోఠి సుల్తాన్ బజార్‌లో ఇప్పుడు ఆ పనంతా చార్జింగ్ మైకుదే. ఒక్కసారి రికార్డు చేసి పెడితే చాలు, పొద్దున షట్టర్ లేపింది మొదలు రాత్రి దించేదాకా "ఏది తీసుకున్నా వంద, ఏది తీసుకున్నా వంద" అని ఊపిరి కూడా పీల్చకుండా అరుస్తూనే ఉంటుంది. పక్క బండాయన ఊరుకుంటాడా? ఆయన సరుకూ అదే, ధరా వందే, ఇక తేడా చూపించాల్సింది సౌండులోనే కదా.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వ్యాపార ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్, రాత్రి 55 దాటకూడదట. ఆ రూలు రాసినవాళ్లు పండగ ముందు కోఠికి వచ్చి ఉండరు, వచ్చినా ఒకరి మాట ఒకరికి వినపడక అంకె తప్పు రాసుకుని ఉంటారు. ముందుచూపంటే మాత్రం మన పెద్దలదే. ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని సరిగ్గా కోఠిలోనే పెట్టారు, చెడగొట్టడం, బాగుచేయడం రెండూ ఒకే ఏరియాలో.

బాగుచేయడం అన్నానుగానీ, అదంత తేలిక కాదు. 85 డెసిబెల్స్ మోతను రోజుకి ఎనిమిది గంటలకు మించి వింటే ప్రమాదమంటారు డాక్టర్లు, చెవి లోపలి రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. మోత 3 డెసిబెల్స్ పెరిగితే తట్టుకునే టైము సగమైపోతుంది, అంటే 88 దగ్గర నాలుగు గంటలే. కోఠిలో నిజంగా ఇచ్చే యాభై శాతం డిస్కౌంటు ఇదొక్కటే.

నాకు తెలిసిన గాజుల కొట్టు అన్న ఒకాయన ఉన్నాడు. కొన్నేళ్లుగా బేరమంతా క్యాలిక్యులేటర్ మీదే. ఆయన 180 కొట్టి మన ముందుకు తోస్తాడు, మనం 120 కొట్టి వెనక్కి తోస్తాం, ఆయన తల అడ్డంగా ఊపి 160 కొడతాడు, చుట్టూ అంత గోలలో చదరంగం ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఇంటికెళ్లి టీవీ పెడితే పిల్లలు చెవులు మూసుకుని పక్క గదిలోకి పోతారట. పడుకుంటే చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత, నిద్ర లేదు, ఈమధ్య బీపీ మాత్ర కూడా మొదలైంది. ఇదంతా వ్యాపారం టెన్షనేనని ఆయన నమ్మకం. మైకు మీద మాత్రం ఈగ వాలనివ్వడు.

మొన్న ఉండబట్టలేక, "అన్నా, పక్కనే ఆసుపత్రి ఉంది కదా, ఓసారి చెవులు చూపించుకోరాదూ" అని గొంతు చించుకుని అరిచాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, క్యాలిక్యులేటర్ అందుకుని 150 కొట్టాడు.